మూగగది మింగిన సా

మూగగది దినచర్య పుస్తకం. రాస్తున్నది గొట్టిముక్కల నిఖిలేష్, శబ్దగ్రహణ శిక్షణార్థి, మొదటి ఏడాది. నా తర్వాత ఈ గదిలోకి దిగబోయే అభాగ్యుడా, ఇదంతా నీ కోసమే. రాయడానికి మెత్తటి పెన్సిలే వాడు. గట్టి పెన్సిల్ గీత ఈ గదికి రంపపుకోతలా వినిపిస్తుందట.

మొదటి రోజు

పొద్దున పది గంటల పదకొండు నిమిషాలకు నన్నూ, ఇద్దరు విద్వాంసులనూ, ఒక నాదస్వరాన్నీ, ఒక డోలునూ భూమికి నూట ఇరవై మీటర్ల లోతున పెట్టి తలుపు వేశారు. ఒకప్పుడు ఇక్కడ రాగి తవ్వేవారు. ఇప్పుడు నిశ్శబ్దం తవ్వుకుంటున్నాం. పైన అది అయిపోయింది కదా. తన చిన్నప్పుడు మధ్యాహ్నం పూట వీధిలో కాకి అరిస్తే ఇంట్లోకి వినిపించేదని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు నెత్తిమీద ఎగిరే బళ్ల మోతకు కాకి అరుపు పక్క కాకికే చేరదు.

సినిమాలు అందరూ తీస్తున్నారు. బొమ్మలు యంత్రం గీస్తుంది, మాటలు యంత్రం రాస్తుంది. సంగీతం దగ్గర మాత్రం దాని పప్పులు ఉడకలేదు. ముప్పై ఏళ్లు తన ఎంగిలి తానే తిని, చివరికి పెళ్లికి వాయించమన్నా, చావుకి వాయించమన్నా ఫోన్‌లో ‘దయచేసి లైన్‌లో వేచి ఉండండి’ అన్నప్పుడు వచ్చే పాటే వాయిస్తోంది. అందుకని సంగీతాన్ని మళ్లీ మనుషుల దగ్గరే పట్టాలి. పట్టేవాడు శబ్దగ్రాహకుడు. నాలుగేళ్లు బీటెక్ చదివి, రెండు పరీక్షలు తప్పి, మూడోది రాసి నేను అందుకున్న మహత్తర పదవికి ఇది తొలి మెట్టు.

ఈసారి పట్టాల్సింది వినుకొండలో ఒక దంతవైద్యురాలు తీస్తున్న సినిమాకి. కథంతా ఒక బావి తవ్వడం. చివర్లో నీళ్లు పడతాయి. ఆ నీళ్లకి నాదస్వరం కావాలట.

నాదస్వరం షేక్ ఖాసింబీ గారిది. అరవై ఆరేళ్లు. డోలు ఆవిడ తమ్ముడు బాజీ గారిది. ఏడు తరాలుగా వాళ్లింట్లో ఇదే పని. నన్ను చూసి ఆవిడ తమ్ముడితో, “ఈ అబ్బాయా మనల్ని పట్టేది? ముందు ఈయన్ని ఎవరన్నా ఒక చోట పట్టి కూర్చోబెట్టండి” అన్నారు. నేను అప్పటికి గదిని నాలుగుసార్లు చుట్టి, రెండు జోకులు వేసి, ఒక స్టాండు పడేసి ఉన్నాను.

గది నియమాలు విను. కరెంటు తీగ ఒక్కటి లోపలికి వచ్చినా దానితో మోత వస్తుంది కాబట్టి ఫోను లేదు, మైకులో మాట్లాడడం లేదు. అన్నీ బ్యాటరీల మీదే. రోజుకోసారి మధ్యాహ్నం గోడలోని సొరుగులోంచి తిండి వస్తుంది, దాంతోపాటు పైన ఉన్న అధికారిణి భ్రమరాంబ మేడం రాసిన చీటీ. ఈ రోజు చీటీ: ‘పెరుగన్నం, అరటిపండు. అప్పడాలు అడగవద్దు.’

అన్నిటికన్నా పెద్ద నియమం తలుపుది. మూలనున్న తూనిక అనే యంత్రం మనం పట్టిన సంగీతాన్ని తూచి పచ్చదీపం వెలిగిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఎర్రదీపం వెలిగితే మళ్లీ వాయించాలి. ఆపదకని గోడకి ఎర్ర మీట ఉంది. దాన్ని లాగితే తలుపులన్నీ తెరుచుకుంటాయి, పట్టిందంతా చెరిగిపోతుంది, పై మోత లోపలికి వచ్చి గదికి నలభై రోజులు మైల.

మొదటి పాఠం: పాటకన్నా ముందు గది మౌనాన్ని పట్టాలి. ఒక గడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలు, ఎవరూ కదలకుండా కూర్చుంటే గదిలో మిగిలిన సన్నటి మోతను తూనిక గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరినట్టు దాన్ని పాటలోంచి ఏరేస్తుంది. ఏది రాయో ముందు మనం చూపించాలి, అంతే.

ఖాసింబీ గారు శ్రుతి చూసుకోవడం అవగానే నేను బొత్తాం నొక్కాను. ముగ్గురం గడియసేపు విగ్రహాల్లా కూర్చున్నాం. బతుకులో ఇంతసేపు నోరు మూసుకోవడం నాకిదే మొదటిసారి. చాలా గర్వపడ్డాను. ఆ గర్వం గురించి మళ్లీ రాస్తాను.

సాయంత్రం ఆవిడ వాయించారు. శహన రాగం, పదకొండు నిమిషాలు. వాళ్ల నాన్నగారు అల్లిన బాణీ, ఇప్పుడు ఆవిడకి తప్ప ఎవరికీ రాదు. అసలు విందామనే అనుకున్నాను కానీ, శబ్దం కొలిచే ఎనిమిది ముళ్లు ఎటు కదులుతున్నాయో చూడ్డంలోనే సరిపోయింది. శిక్షణార్థి ముల్లునే చూస్తాడు, పాట వినడు. ఇది కూడా రాసిపెట్టుకో.

ఎర్రదీపం. కింద చీటీ: ‘ఆధార షడ్జమం లేదు.’

రెండో రోజు

యాభై ఏళ్లకు పైగా ఊదుతున్న మనిషిని పట్టుకుని నీకు సా లేదంది తూనిక. వంటావిడతో నీ కూరలో కూరే లేదన్నట్టు. నేనైతే యంత్రాన్ని తన్నేవాణ్ణి. ఆవిడ మాత్రం నాదస్వరం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని వంకే చూశారు. తర్వాత, “పీక ఆరిపోయినట్టుంది” అన్నారు మెల్లగా.

పీక అంటే ఊదేచోట పెట్టే రెల్లు ముక్క. ఇత్తడి భరిణెలో మూడే తెచ్చారు. అది పెరిగే ఏటి ఒడ్లన్నీ ఇప్పుడు సిమెంటు కాబట్టి ఆ మూడే లోకంలో మిగిలినవి. ప్లాస్టిక్ పీకతో ఊదితే ఎలా ఉంటుందని అడిగాను. బాజీ గారు, “ప్లాస్టిక్ పళ్లతో చెరుకు తిన్నట్టు ఉంటది” అన్నారు. ఈ గదిలో గాలిలోని తడంతా పీల్చేసి ఉంటారు గనక రెల్లు తొందరగా ఎండిపోతుంది. రెండోసారి వాయించారు. ఎర్రదీపం. మూడోసారి వాయిస్తుంటే మొదటి పీక నిలువునా చీలింది. టప్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడుని మాత్రం యంత్రం చాలా శుభ్రంగా పట్టింది.

అనుమానం బాజీ గారి గురక మీదికి పోయింది. అక్క ఆయన్ని కూర్చుని పడుకోమని ఆజ్ఞాపించారు. గురక పడుకున్నప్పుడు కదా, పాట మెలకువలో కదా అని ఆయన వాదించినా లాభం లేకపోయింది. మేడం చీటీ: ‘తూనిక పొరపడదు. మళ్లీ వాయించండి. శుక్రవారం దాటితే దర్శకురాలు ఆ చోట వాన మోత పెట్టుకుంటారట.’

ఇవాళ మంగళవారం.

మూడో రోజు

గది వెడల్పు పద్దెనిమిది అడుగులు. పొడవు ఇరవై రెండు. పొద్దుటి నుంచి పద్నాలుగుసార్లు కొలిచాను, మారలేదు. గోడలు నురుగు మెత్తలతో ఉన్నాయి. మాట అన్నాక అది ఎటూ పోయి తగలదు, తిరిగి రాదు, నోటి ముందే చచ్చి పడిపోతుంది. జోకు వేస్తే ఎవరూ నవ్వలేదో, నవ్వు వినపడలేదో తెలియదు. మొదటిదేనని బాజీ గారు హామీ ఇచ్చారు.

పొద్దున వాయించినదానికీ ఎర్రదీపమే. మధ్యాహ్నం తోచక, శిక్షణార్థి వినడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క దస్త్రం తీసి చెవులకి పెట్టుకున్నాను. మొదటి రోజు పట్టిన గది మౌనం. మౌనాన్ని ఎవరు వింటారు? పని లేనివాడు వింటాడు.

నాలుగు నిమిషాల దాకా ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా తుమ్మెద. ఒకటే స్వరం. ఆగదు, పెరగదు, తగ్గదు. తుమ్మెద నూట ఇరవై మీటర్ల లోతుకి ఎలా వచ్చిందా అనుకున్నాను. పదో నిమిషం దగ్గర తుమ్మెదకి జలుబు చేసినట్టు ముక్కు ఎగబీల్చింది. నాకూ మొన్నటి నుంచి జలుబే.

అది నేనే. నోరు మూసుకుని ముక్కుతో కూనిరాగం తీస్తున్నాను. అంతకుముందే ఖాసింబీ గారు శ్రుతి చూసుకున్నారు కదా, ఆ సా నా చెవిలో పడింది, నాకు తెలియకుండానే ముక్కులోంచి బయటికి వచ్చింది. ఇరవై నిమిషాలు. గదిలో ఏకబిగిన మోగేదంతా తూనిక లెక్కలో గది మోతే. బియ్యపు గింజని చూపించి ఇదే రాయి అన్నాను నేను. అది పాపం బుద్ధిగా, ఆవిడ వాయించిన ప్రతిసారీ సా మొత్తం ఏరి పారేస్తోంది.

ఇది తెలిసిన సమయం మధ్యాహ్నం మూడుంబావు. చెప్పి ఉండాల్సిన సమయం మూడూ పదహారు.

సాయంత్రం ఐదింటికి ఆవిడ ఇంకోసారి చూస్తానన్నారు. నేను ముళ్ల ముందు కూర్చున్నాను. రెండో పీక చీలింది.

ఈ పేజీలో హాస్యం లేదు. క్షమించాలి.

నాలుగో రోజు, పొద్దున

ఖాసింబీ గారు భరిణె తెరిచారు. ఒక్కటే ఉంది. ఆవిడ దాన్ని నాలుక మీద పెట్టి తడుపుతూ, తమ్ముడితో అన్న మాటలు నేను విన్నాను. దీనితోనూ కాకపోతే మీట లాగేసి పోదామనీ, ఇక నాదస్వరం గుడ్డలో చుట్టేస్తాననీ, ఊపిరి పోయాక ఊదడం చేతగాని పని అనీ. బాజీ గారు డోలు మీద వేళ్లతో ఏదో రాస్తూ కూర్చున్నారు.

“అమ్మా, ఆ పీక ఇప్పుడే పెట్టకండి” అన్నాను.

“ఏం, వర్జ్యమా?” అన్నారు బాజీ గారు.

“తప్పు మీది కాదు. పీకదీ కాదు. నాది.”

చెప్పాను. తుమ్మెద దగ్గర నుంచి జలుబు దాకా. మూడుంబావు సంగతి కూడా చెప్పాను. గది నా మాటలన్నీ మింగేసింది.

“ఏదీ, అను” అన్నారు ఖాసింబీ గారు.

“ఏమిటమ్మా?”

“ఆ కూత. అను.”

అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని, తలొంచి, నా ముక్కు దగ్గర చెవి పెట్టి విన్నారు. “రెండున్నర శ్రుతి. వెంట్రుకవాసి పక్కకి పోలా” అన్నారు, డాక్టరు జబ్బు పేరు చెప్పినట్టు.

బాజీ గారికి నవ్వాగలేదు. ఆవిడ ఆయన వైపు తిరగకుండానే, “నవ్వబాక” అన్నారు. తర్వాత నాతో:

“మూడు రోజుల్నుంచి నా ఊపిరిని నేనే తిట్టుకుంటన్నా అబ్బాయ్. పళ్లు కదిలినయ్యి, వయసైపోయింది, మా నాయన ఇచ్చింది నా చేతుల్లోనే పోయింది అనుకుంటన్నా. నీకు నిన్ననే తెలుసు.”

“తెలుసు.”

“మరి నిన్న ఎందుకు చెప్పలా?”

నిజమే చెప్పాను. “నవ్వొచ్చేలా చెప్పే మాట దొరకలేదమ్మా.”

ఆవిడ పీకని భరిణెలో పెట్టి మూత వేశారు.

నాలుగో రోజు, సాయంత్రం

విరుగుడు గది నియమాల పుస్తకంలో ఉంది, తేలికైనదే. మౌనాన్ని మళ్లీ పట్టాలి. గడియసేపు గదిలో ఎవరూ ఏ చప్పుడూ చేయకూడదు.

మొదటి ప్రయత్నం: నేను గట్టిగా అనుకుని కూర్చున్నాను. నాలుగో నిమిషంలో బాజీ గారు నా తొడ మీద గిల్లారు. రెండో ప్రయత్నం: నోట్లో తువ్వాలు. ఐదో నిమిషంలో గిల్లారు. మూడో ప్రయత్నం: తువ్వాలు, ముక్కుకి బట్టల క్లిప్పు, ఎక్కాలు వెనకనుంచి చదువుకోవడం. ఆయన నా గుండె మీద చెయ్యి పెట్టి, “ఇక్కడ మోగతంది అక్కా, మా ఇంటి ఫ్రిజ్ లాగా” అని నివేదిక ఇచ్చారు. తొడ నీలంగా ఉంది.

నాకు తెలిసి చేస్తుంటే ఆపేవాణ్ణి. తెలియనిదాన్ని ఎక్కడ పట్టుకుని ఆపను? పైగా ఆవిడ సా చెవిలో పడ్డాక అది పోవడం లేదు. ఇరవై ఐదేళ్ల బతుకులో నాకు ఒక్క స్వరం పట్టుబడింది, అదీ పట్టుబడకూడని చోట.

మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు ఖాసింబీ గారు, ఎవరికీ కాదన్నట్టు, తన చిన్నతనం గురించి చెప్పారు. ఎనిమిదో ఏట నాదస్వరం నేర్పమంటే వాళ్ల నాన్న చేతికి ఒత్తు ఇచ్చాడట. ఒత్తు అంటే పక్కన కూర్చుని సా ఒక్కటే పట్టుకుని ఉండే వాయిద్యం. ఆయన రాగాలన్నీ తిరిగి వస్తుంటే ఈవిడ అక్కడే, ఆ ఒక్క స్వరం మీదే. ఆరేళ్లు. విసుగొచ్చి ఏడిస్తే, “ఇల్లు కదిలితే ఊరు తిరిగొచ్చినోడు ఎక్కడికి రావాలే?” అనేవాడట. ఇప్పుడు ఒత్తు పట్టేవాళ్లు లేరు. ఎవరికీ అంత ఓపిక లేదు.

చీటీ వచ్చింది: ‘రేపు ఆఖరు.’

ఐదో రోజు, పొద్దున

ఉపాయం నాదే. అందుకే ఎవరికీ నచ్చలేదు.

ఈ గదికి రెండు తలుపులు. లోపలిదానికీ బయటిదానికీ మధ్య నడిమి అర ఉంది. నిలబడితే భుజాలు రెండు వైపులా తగులుతాయి. దీపం లేదు. పైన పిడుగు పడ్డా లోపలికి రానివ్వని గోడ కాబట్టి, లోపల నేను పెళ్లిబ్యాండు వాయించినా గదిలోకి రాదు. నేను అందులో ఉంటే గదిలో మౌనం మిగులుతుంది.

చిక్కు ఏమిటంటే, లోపలి తలుపు వేశాక పచ్చదీపం వెలిగేదాకా అది ఎటూ తెరుచుకోదు. మనిషికి గాలి మూడు గంటలకి సరిపోతుందని పుస్తకం చెబుతోంది. ఎంత మనిషికో చెప్పలేదు. ఎర్రదీపం వస్తే బాజీ గారు మీట లాగి నన్ను బయటికి తీయాలి. అంటే ఆఖరి పీకా, నాన్నగారి బాణీ, నలభై రోజుల గదీ, అన్నీ నా మూలంగా పోతాయి.

“వద్దు” అన్నారు ఖాసింబీ గారు. “నువ్వు మూసిన తలుపు వెనక ఉంటే నాకు ఊపిరి ఆడదు.”

“నేను ఇవతల ఉంటే మీ సా ఆడదు కదమ్మా.”

ఆవిడ నా ముఖం చూశారు. నేను నవ్వలేదు. “రెండున్నర గంటలకి మీట లాగు” అని తమ్ముడితో చెప్పారు.

బాజీ గారికి మూడు బొత్తాలు చూపించాను. మౌనం, పాట, తూకం. ఆయన వాటిని డోలు జతులు నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. పట్టిక పుస్తకంలో ‘శబ్దగ్రాహకుడు’ అన్నచోట నా పేరు కొట్టేసి, షేక్ బాజీ అని రాశాను. మూడేళ్ల శిక్షణ ఆయన పది నిమిషాల్లో పూర్తిచేశారు. సంస్థ ఈ సంగతి గమనించాలి.

ఈ దినచర్య పుస్తకం ఇక్కడ పెట్టి పోతున్నాను. లోపల చీకటి.

ఐదో రోజు, తర్వాత

నడిమి అర గురించి పుస్తకంలో లేనివి రాస్తున్నాను.

తలుపు పడగానే చెవులు మూసుకుపోయినట్టు కాదు, చెవులే లేనట్టు అయింది. మొదట జోకులు వేశాను. నాకు నేనే. మూడు బాగానే వచ్చాయి. తర్వాత రాలేదు. భుజాలు కదిపితే గోడ. మోకాలు వంచితే గోడ. గడియ అయిందా? ఆవిడ మొదలుపెట్టారా? పీక ఉందా, చీలిందా? ఒకటికి పదిసార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎక్కడో వదిలేశాను. గాలి వెచ్చబడింది. చొక్కా తడిసింది. గంట అయిందనుకున్నాను, మూడైందనుకున్నాను, బాజీ గారికి ఆ గోలలో నేను గుర్తున్నానా అనుకున్నాను. తలుపుని గుద్దుదామని చెయ్యి ఎత్తాను. అవతల ఆవిడ ఊదుతుంటే? చప్పుడు పోదని నాకు తెలుసు. అయినా చెయ్యి దించాను.

అప్పుడు విన్నాను. చీకట్లో, నా ఛాతీలో, అది ఉంది. నేను భయంతో చస్తుంటే అది మాత్రం కదలకుండా, ఒకటే చోట. దాన్ని పట్టుకుని నిలబడ్డాను. అంతకన్నా పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

తెరుచుకున్నది బయటి తలుపు. ముందు వెలుతురు, వెంటనే మోత. ఎగిరే బళ్లు, పంపులు, లిఫ్టు, భ్రమరాంబ మేడం గొంతు. లోపలి తలుపు కూడా తెరుచుకుంది. వెనక్కి తిరిగి చూస్తే తూనిక మీద పచ్చదీపం, దాని ముందు బాజీ గారు కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉన్నారు.

మౌనం, పాట, తూకం అన్నీ కలిపి గంటా నలభై నిమిషాలు పట్టిందట. పదకొండో నిమిషం ఆఖరి ఊపిరికి మూడో పీక కూడా చీలిందట. పాట తర్వాతే.

ఆరో రోజు

పట్టినదానికి ముద్ర వేసి దంతవైద్యురాలికి పంపేశారు. నకలు ఉంచుకోకూడదు, వినకూడదు, అది ఒప్పందం. ఆవిడ దగ్గర నుంచి మేడం పేరిట ఉత్తరం వచ్చింది: అద్భుతంగా ఉంది, అయితే బావిలో నీళ్లు నలభై సెకన్లకే పైకి వచ్చేస్తాయి కనక అంతవరకే వాడుకుంటాం.

శబ్దగ్రహణం నేర్చుకోడానికి వచ్చి, ఈ గదిలో పట్టిన ఒకే ఒక్క పాటని నేను వినలేదు. ఎర్రదీపాలప్పుడు ముళ్లు చూస్తున్నాను, పచ్చదీపమప్పుడు గోడలో ఉన్నాను. ఈ మాట గని నోటి దగ్గర బండి కోసం ఎదురుచూస్తూ బాజీ గారితో అన్నాను, జోకులాగే. ఆయన నవ్వలేదు. అక్క వైపు చూశారు.

ఖాసింబీ గారు ఒళ్లో నాదస్వరం పెట్టుకుని సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నారు. భరిణె ఖాళీ.

“ఇటు రా” అన్నారు.

వెళ్లాను. ఆ మోతలో వినపడాలని ఆవిడ నా చెవి పట్టుకుని నోటి దగ్గరికి లాక్కున్నారు.

“పీక పోతే పోయింది. ఊదలేనని పాడలేనా? మా నాయన నాకు నేర్పింది నోటితోనే. పదకొండు నిమిషాలు పట్టిద్ది. నువ్వు మాత్రం కదలబాక.”

“నేనేం చేయాలమ్మా?”

“నీకు వచ్చింది ఒక్కటే కదా. అది పట్టుకో.”

నెత్తి మీదుగా బళ్లు పోతున్నాయి. బాజీ గారు నా గుండె మీద అరచెయ్యి పెట్టారు, గిల్లడానికి కాదు, ఉందో లేదో చూడ్డానికి. నేను నోరు మూసుకుని సా పట్టుకున్నాను. ఈసారి తెలిసే.